విప్పబోతే రాని బోల్టు, బిగించినా ఆగని ఆయిల్: పాత కారు ఇంజన్‌లో అసలు జరిగేదేమిటి?

పదిహేనేళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి దాని ఫీజు 5 వేల రూపాయలు. 20 ఏళ్లు దాటిన కార్లకు కేంద్రం 2025 ఆగస్టులో దాన్ని 10 వేలు చేసింది. అప్పటినుంచి నెల్లూరు ఆటోనగర్‌లో పాత బండి పక్కన నిలబడిన ప్రతి ఒక్కరిదీ ఒకటే లెక్క: దీని మీద ఇంకా డబ్బు పెట్టాలా, తూకానికి ఇచ్చేయాలా? ఆ లెక్క తేలాలంటే ముందు బండి కింద పడుతున్న నల్లటి చుక్కల సంగతి తేలాలి. అది తేల్చడానికి మెకానిక్ పానా వేస్తాడు. బోల్టు కదలదు. గట్టిగా లాగితే తల విరిగి చేతికొస్తుంది. పూటలో అయిపోవాల్సిన పని లేత్ షాపు దాకా పోతుంది.

మా బాబాయికి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. గుంటగట్ల మీద తిరిగిన ఆయన మారుతి 800కి సరిగ్గా ఇదే జరిగింది. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిని మనవాళ్లు చాంబర్ అంటారు. దాని అంచున ఆయిల్ చెమ్మ కనిపించినప్పుడల్లా ఒక షెడ్డులో "ఇంకొంచెం టైట్ చేస్తే సరిపోద్ది" అన్నారు. మూడుసార్లు టైట్ చేశారు. చెమ్మ కాస్తా చుక్క అయింది. నాలుగోసారి, చాంబరుకూ ఇంజనుకూ మధ్య సందు మూసే ప్యాకింగ్ మార్చుదామని విప్పబోతే రెండు బోల్టులు విరిగాయి. లీకు ఒక కష్టం, విరగడం ఇంకో కష్టం అని బాబాయి అనుకున్నారు. నాకైతే రెండూ ఒకే కథలా కనిపించాయి. ఆ కథ పేరు బిగువు.

బోల్టు పైకి ఇనుప ముక్క, పనిలో స్ప్రింగు

బోల్టును బిగించడమంటే దాన్ని సాగదీయడం. తిప్పేకొద్దీ అది కంటికి కనిపించనంత సాగి, మళ్లీ పొట్టి కావాలని చూస్తుంది. ఆ లాగుడే రెండు లోహపు ముఖాలనూ మధ్యలోని ప్యాకింగునూ నొక్కి పడుతుంది. బిగువంటే అదే.

పానా మీద మనం వేసే బలమంతా బిగువుగా మారదు. పానా మీద 100 రూపాయలు ఖర్చు పెట్టామనుకోండి. అందులో దాదాపు 50 రూపాయలు బోల్టు తల కింద రాపిడికే పోతాయి. ఇంకో 40 త్రెడ్డు, అంటే బోల్టు మీది మర, రాపిడిలో తినేస్తుంది. చివరికి బోల్టును సాగదీసేది 10 రూపాయలే. బోల్టులన్నిటికీ ఈ లెక్క అచ్చంగా ఇంతే ఉండదు కానీ ఇంచుమించు ఇదే.

ఇప్పుడు త్రెడ్డులో తుప్పు చేరి 5 రూపాయలు ఎక్కువ మింగిందనుకుందాం. బిగువుకు మిగిలేది 5, అంటే సగం. పానాకు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా తగులుతుంది, చేతికి తేడా తెలియదు. అదే త్రెడ్డుకు ఆయిల్ అంటుకుని 10 రూపాయలు తక్కువ మింగితే బిగువు 20కి పోతుంది, రెండింతలు. చేతికి అప్పుడూ తేడా తెలియదు, సన్న బోల్టు మాత్రం సాగిపోతుంది. "చేత్తో చూస్తే తెలుస్తుందిలే" అనే ధీమా తుప్పు పట్టిన పాత బండ్ల దగ్గర ఇందుకే దెబ్బతింటుంది.

ఏం పట్టుకుంది అన్నది మొదటి ప్రశ్న

బోల్టు రావడం లేదంటే 'పట్టేసింది' అని ఊరుకుంటాం. పట్టేయడం అన్నిచోట్లా ఒకటి కాదు.

ఇనుములో ఇనుము ఉన్నచోట పట్టేది తుప్పు. ఇనుము తుప్పుగా మారితే ముందున్న చోటుకు రెండింతలకు పైగా కావాలంటుంది. త్రెడ్డు సందులో అంత చోటు లేదు, కాబట్టి మేకు దిగ్గొట్టినట్టు ఇరుక్కుంటుంది. పాత పెట్రోల్ ఆంబాసిడర్‌లో ఇంజన్ మొండెమైన బ్లాకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డూ రెండూ పోత ఇనుమే, అక్కడ ఎక్కువగా కనిపించేది ఈ రకం.

అల్యూమినియంలోకి ఉక్కు బోల్టు దిగినచోట కథ వేరు. మారుతి 800 హెడ్డు అల్యూమినియం. 1993లో వచ్చిన మారుతి జెన్‌లో బ్లాకు కూడా అదే. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి, మధ్యలో ఉప్పు తడి చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఆ బ్యాటరీలో అరిగిపోయేది అల్యూమినియమే. బోల్టు చుట్టూ తెల్లటి పొడి పేరుకుని బిగుసుకుంటుంది. బోల్టు బయటికి తీశాక త్రెడ్డులో సున్నంలా కనిపించేది ఆ పొడే.

మూడో రకం ఇంజన్ నుంచి పొగ బయటికి వచ్చే చోట, సైలెన్సర్ మానిఫోల్డు దగ్గరిది. అక్కడి స్టడ్లు, అంటే తలలేని బోల్టులు, ఏళ్ల తరబడి కాలి, చల్లారి, మళ్లీ కాలి, పైన పొలుసులు కట్టి లోపల బలం కోల్పోయి ఉంటాయి. వీటిలో కొన్ని ఎంత జాగ్రత్తగా తిప్పినా విరుగుతాయి. అందుకు మెకానిక్‌ను తిట్టి లాభం లేదు.

మన జిల్లాల్లో ఊరిని బట్టి కూడా రోగం మారుతుంది. మైపాడు, కోడూరు, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో కిటికీ చువ్వలే పొరలు పొరలుగా లేస్తాయి, బండి అడుగు సంగతి చెప్పేదేముంది? ఇస్కపల్లి ఉప్పుమళ్ల గాలి, గుంటల ఉప్పు నీళ్లు బోల్టుల మీద పడతాయి. కనిగిరి, పామూరు వైపు బండ్లలో బోల్టులు కొంత సుళువుగా వస్తాయి. అక్కడ ఎండకూ ఇంజన్ సెగకూ రబ్బరు ప్యాకింగులు గట్టిపడి పెళుసవుతాయి. ఒడ్డున బోల్టులు విరగడం, మెట్టన ఆయిల్ కారడం అనుకోవచ్చు.

నూనె గొప్పా, సెగ గొప్పా?

షెడ్లలో ఈ వాదన ఎప్పుడూ ఉండేదే. ఒకరు రాత్రే డీజిలో కిరసనాయిలో పోసి ఉంచితే తెల్లారేసరికి వస్తుందంటారు. ఇంకొకరు డబ్ల్యూడీ-40 కొట్టాలంటారు. మూడో ఆయన గ్యాస్ మంట పెడితే తప్ప కదలదంటారు.

ఇంతకీ డబ్ల్యూడీ-40 అనే పేరుకు అర్థం నీటిని తొలగించే 40వ ప్రయత్నం. 1953లో తయారైన ఆ ద్రవం పుట్టింది తడిని తరమడానికి. తుప్పు సందుల్లోకి దూరే పనికి అదే కంపెనీ విడిగా ఇంకో స్ప్రే అమ్ముతుంది. నూనె ఏదైనా కావలసింది పల్చగా ఉండటం, టైము ఇవ్వడం. తుప్పుకు సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి నూనె మెల్లగా లోపలికి పాకుతుంది. కొట్టిన ఐదు నిమిషాలకే పానా వేసి "ఈ స్ప్రే పనికిరాదు" అనడం న్యాయం కాదు. అల్యూమినియం పొడి గట్టిగా దట్టించుకున్నచోట మాత్రం నూనె దూరడం కష్టం. అక్కడ సెగే మేలు. ఎందుకో లెక్క చూడండి.

8 మిల్లీమీటర్ల బోల్టు అల్యూమినియం హెడ్డులో ఇరుక్కుందనుకుందాం. ఆ చోటును 200 డిగ్రీలు పెంచితే, అల్యూమినియం రంధ్రం సుమారు 0.037 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. ఉక్కు బోల్టు కూడా అంతే కాలితే 0.019 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. తేడా 0.018. వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. పొడి పట్టు సడలడానికి మాత్రం చాలు.

అదే ఇనుములో ఇనుమైతే రెండూ ఒకేలా ఉబ్బుతాయి, రెండింటినీ కలిపి కాలిస్తే లాభం తక్కువ. నట్టును మాత్రమే వేగంగా కాల్చాలి, లేదా బోల్టును కాల్చి చల్లారనివ్వాలి. ఉబ్బడానికి చోటులేక నలిగిన బోల్టు చల్లారేటప్పుడు కొంచెం ముడుచుకుంటుంది, తుప్పు పొర చిట్లుతుంది. ఆ వేడి మీద మైనం ముక్క తాకిస్తే కరిగి సందులోకి పీల్చుకుంటుంది. ఇది పాత మేస్త్రీల కిటుకు, ఇప్పటికీ పనిచేస్తుంది. రెండు వర్గాలూ తమ తమ బండ్ల మీద చూసింది చెబుతున్నాయి కాబట్టి ఇద్దరి మాటా నిజమే. చూడాల్సింది బోల్టు దిగిన లోహం ఏదని.

సెగ వాదనకు ఒక హద్దుంది. చాంబర్, పెట్రోల్ పైపులు, ఆయిల్ సీళ్లు ఉన్నచోట మంటకు తావు లేదు. అప్పుడే స్ప్రే కొట్టిన బోల్టు మీద మంట పెడితే ముందు అంటుకునేది ఆ స్ప్రే.

వేడిగా ఉన్నప్పుడా, చల్లారాకా?

సెగ మంచిదైతే ఇంజన్ వేడి మీదే అన్నీ విప్పవచ్చుగా అనిపిస్తుంది. మానిఫోల్డు నట్ల విషయంలో కొందరు మెకానిక్‌లు అలాగే గోరువెచ్చగా ఉండగా మొదలుపెడతారు. అల్యూమినియం హెడ్డులోని స్పార్క్ ప్లగ్గును మాత్రం చల్లారాకే తీయాలి. వేడి మీద ఆ మెత్తటి త్రెడ్డు ప్లగ్గుతో పాటు ఊడి వస్తుంది. హెడ్ బోల్టులు కూడా అంతే. చల్లారాక, అంచుల నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా వదులు చేయకపోతే హెడ్డు వంగుతుంది. వంగిన హెడ్డుకు ఎంత మంచి ప్యాకింగ్ వేసినా నిలవదు.

పైపు తగిలిస్తే బలం ఎటు పోతుంది

రాని బోల్టుకు మన దగ్గర జవాబు పానా వెనక ఇనుప పైపు తగిలించడం. చాంబరుకు ఉండేవి సాధారణంగా 10 నంబరు పానా పట్టే 6 ఎంఎం బోల్టులు. అలాంటి బోల్టును బిగించడానికి సుమారు 10 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత) చాలు. 15 సెంటీమీటర్ల పానా చివర ఏడు కిలోల బరువు వేస్తే అంత బలం వస్తుంది. మామూలు మనిషి సునాయాసంగా 20 కిలోల బలం వేస్తాడు. అంటే దాదాపు 29 న్యూటన్ మీటర్లు, కావలసిన దానికి మూడింతలు. 45 సెంటీమీటర్ల పైపు తగిలిస్తే 88. బాబాయి బోల్టులు విరగడంలో వింతేమీ లేదు. పైపు అవసరం లేకుండానే, మూడుసార్లు "ఇంకొంచెం టైట్" చేసినప్పుడే వాటిని సగం చంపారు.

బలం కన్నా కుదుపు మేలు. తల మీద సుత్తితో సూటిగా నాలుగు దెబ్బలు వేస్తే తుప్పు పొర చిట్లుతుంది. కదలని వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదాన్ని కదిలించడానికి అక్కర్లేదు. అనుభవమున్నవాళ్లు మొదట కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, అలా వెనకా ముందూ ఊపుతారు. ఆ సమయంలో వాళ్లు చెవి పెట్టి వింటుంటారు. కీచుమని చప్పుడొస్తే సంతోషం, త్రెడ్డు వదులుతోంది. చప్పుడు లేకుండా మైనంలా మెత్తగా తిరిగితే భయం, తిరుగుతున్నది తల ఒక్కటే, లోపల బోల్టు మెలిపడుతోంది. అక్కడ ఆగిన చేయే మంచి చేయి.

తల గుండ్రమైపోవడం ఇంకో తలనొప్పి. ఆంబాసిడర్ నట్లు అంగుళాల కొలతవి. అర అంగుళం నట్టు అంటే 12.7 ఎంఎం. మారుతిల కోసం కొన్న పెట్టెలోంచి 13 పానా తీసి వేస్తే పడుతుంది, కానీ 0.3 ఎంఎం ఖాళీ ఉంటుంది. వదులుగా ఉన్న నట్టుకు అది చాలు. పట్టేసిన నట్టుకు ఆ ఖాళీలోనే మూలలు అరుగుతాయి. రింగు పానాల్లో ఎక్కువ భాగం పన్నెండు మూలలవి, అవి నట్టును మూలల దగ్గరే పట్టుకుంటాయి. ఆరు మూలల బాక్సు పక్కల మీద పట్టుకుంటుంది కాబట్టి మొండి నట్టుకు అదే నయం.

విరిగాక కూడా దారులున్నాయి. బయటికి కొంత మొండెం మిగిలితే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తారు. పట్టు కోసమే కాదు, ఆ వేడి కూడా సాయం చేస్తుంది. లోపలే విరిగితే నడిమధ్యలో డ్రిల్ చేసి, ఎడమ చుట్టు ఎక్స్‌ట్రాక్టర్ దింపుతారు. అది చాలా గట్టి ఉక్కు, పెళుసు కూడా. లోపల అదే విరిగితే మామూలు డ్రిల్ బిట్టు దాన్ని కోయలేదు, అసలు బోల్టు కన్నా పెద్ద కష్టం. అందుకే చాలామంది అక్కడ ఆగి లేత్ వాళ్లకు ఇస్తారు. వాళ్లు బోల్టు మొత్తం తొలిచేసి, పెద్ద త్రెడ్డు కోసి, హెలికాయిల్ అనే ఉక్కు చుట్ట దింపుతారు. అల్యూమినియంలో అలా వేసిన త్రెడ్డు పాతదానికన్నా గట్టిగా ఉంటుంది.

బోల్టు గట్టిగానే ఉంది, మరి ఆయిల్ ఎందుకు కారుతోంది?

చాలా లీకుల్లో బోల్టు వదులు కాలేదు. దాని కింద ప్యాకింగ్ చచ్చిపోయింది. రబ్బరు, కార్కు ప్యాకింగులు స్పాంజిలా తిరిగి ఉబ్బుతూ సందును మూస్తుంటాయి. ఏళ్ల వేడికి ఆ గుణం పోతుంది. గట్టిపడిన ప్యాకింగును ఎంత నొక్కినా అది అప్పడంలా పగులుతుందే తప్ప సందు మూయదు.

ఎక్కువ బిగిస్తే ఇంకో చేటు జరుగుతుంది. చాంబర్ పల్చటి రేకు. బోల్టు దగ్గర రేకు లోపలికి గుంట పడి, రెండు బోల్టుల మధ్య భాగం విల్లులా లేస్తుంది. ఆయిల్ అక్కడినుంచి వస్తుంది. బాబాయి చాంబర్ దించి గాజు పలక మీద బోర్లిస్తే ప్రతి బోల్టు రంధ్రం దగ్గరా వేలికి బొడిపె తగిలింది. చాంబర్ తిరగేసి, చెక్క మీద పెట్టి, చిన్న సుత్తితో ఒక్కో బొడిపెనూ సమం చేశాకే కొత్త ప్యాకింగ్ నిలిచింది.

అన్నీ సరిగ్గా వేసినా మూడు నెలలకు మళ్లీ కారే బండ్లు కొన్నుంటాయి. వాటిలో చూడాల్సింది బ్రీదర్ పైపు. పిస్టన్ పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ చాంబర్ వైపు జారుతుంది. దాన్ని బయటికి లాగే దారి మసితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ను తోస్తుంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూస్తే తెలుస్తుంది. లోపలినుంచి ఊదుతున్నట్టు పొగ కొడితే బ్రీదర్ మూసుకుంది, లేదా పిస్టన్ రింగులు అరిగాయి. అలాంటి బండికి ప్యాకింగ్ మీద ప్యాకింగ్ మార్చడం ఓటి కుండలో నీళ్లు పోయడమే.

ఈమధ్య 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వల్లే ఇంజన్ ఆయిల్ కారుతోందన్న మాట కూడా వినిపిస్తోంది. పాత కార్లలో పెట్రోల్ దారిలోని రబ్బరు పైపులకు ఇథనాల్ పడకపోవడం నిజమే. చాంబర్ ప్యాకింగ్ ఆ దారిలో లేదు. కారేదాంట్లో పెట్రోల్ వాసన ఉంటే అది వేరే లీకు, దాన్ని ఆ రోజే చూపించాలి.

చుక్కలతో లెక్క

ఆయిల్ కిందికి దిగుతుంది, బండి పరుగెత్తితే గాలికి వెనక్కి పాకుతుంది. చుక్క పడినచోటు లీకు ఉన్నచోటు కాదు. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు తడి ఎక్కడుందో అదే అసలు చోటు. ఇంజన్ కడిగి ఆరనిచ్చి, టాల్కమ్ పౌడర్ చల్లి కాసేపు నడిపితే ఆ చోట గీత పడి దొరుకుతుంది. కడగకుండా లీకు పట్టుకోవడం బురదలో సూది వెతకడమే.

ఎంత పోతోందన్నదీ తేల్చుకోవచ్చు. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. రాత్రికి 10 చుక్కలు పడితే అర మిల్లీలీటరు, నెలకు 15. అంటే మూడు టీస్పూన్లు. అదే నెలలో ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద ఫుల్ నుంచి సగానికి దిగిందనుకోండి. చాలా కార్లలో రెండు గీతల మధ్య ఇంచుమించు లీటరు ఉంటుంది కాబట్టి, పోయింది అర లీటరు. నేల మీద దొరికింది 15 మిల్లీలీటర్లే. మిగతా 485 ఎటు పోయింది? ఇంజన్ తిరిగేటప్పుడు పంపు ఒత్తిడికి రోడ్డు మీద పోతూ ఉండవచ్చు, అప్పుడు బండి అడుగంతా ఆయిల్, దుమ్ము కలిసి ముద్ద కట్టి ఉంటుంది. అడుగు పొడిగా ఉంటే లోపల కాలిపోతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ ఒక్కసారి కొట్టి ఆగితే వాల్వ్ సీళ్ల మీద అనుమానం. ఎత్తు మీద లాగేటప్పుడు కొడితే రింగుల మీద. ఈ రెండిటికీ చాంబర్ ప్యాకింగ్‌తో సంబంధం లేదు.

గమ్ము, చిక్కటి ఆయిల్, లీకు మందు

విడిభాగాల కొట్లలో దొరికే సిలికాన్ గమ్ము మీద రెండు వాదనలున్నాయి. గమ్ము వేస్తే ప్యాకింగ్ అక్కర్లేదని ఒకరు, అసలు గమ్మే వద్దని ఇంకొకరు. కొన్ని ఇంజన్లకు కంపెనీయే చాంబరుకు గమ్ము మాత్రమే వాడింది, కాబట్టి గమ్ము పాపమేమీ కాదు. చేటల్లా లోపలికి పొంగేంత వేయడంలో ఉంది. పొంగిన ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే చుక్కల సమస్య పోయి ఇంజన్ సమస్య వస్తుంది. జిడ్డు తుడవకుండా వేసిన గమ్ము మాత్రం ఎవరి వాదన ప్రకారమూ నిలవదు.

చిక్కటి ఆయిల్ పోస్తే లీకు తగ్గడం నిజం. 20డబ్ల్యూ-50 పోసిన పాత ఇంజన్లు మన ఎండల్లో బాగానే నడుస్తున్నాయి. సన్న ఆయిల్ కోసం చేసిన ఇంజన్లో అదే పోస్తే స్టార్ట్ అయిన మొదటి క్షణాల్లో పైదాకా చేరడం ఆలస్యమవుతుంది. లీకు ఆపే మందులు గట్టిపడిన రబ్బరును కొంత ఉబ్బిస్తాయి. చెమ్మకు పనిచేయవచ్చు, చిరిగిన సీలుకు పనిచేయవు.

ఏ లీకును వదిలేయవచ్చు?

లీకులన్నీ ఒకే తొందరవి కావు. ఇంజన్ ఇరుసైన క్రాంక్ బయటికి వచ్చేచోట ఆయిల్‌ను ఆపే ముందువైపు సీలు కారి, వాల్వులను తిప్పే టైమింగ్ బెల్టు తడిస్తే, ఆ బెల్టు ఉబ్బి తెగవచ్చు. అది చుక్కే అయినా వాయిదా వేసేది కాదు. మానిఫోల్డు మీద పడే ఆయిల్ పొగకూ మంటకూ దారి. వెనక క్రాంక్ సీలుది ఇంకో తీరు. సీలు ఖరీదు తక్కువ, కానీ దాన్ని చేరాలంటే గేర్‌బాక్సు దించాలి, కూలీ ఎక్కువ. ఆయిల్ క్లచ్ మీదికి పోనంతవరకు చాలామంది దాన్ని వాయిదా వేస్తారు. నేనూ వాళ్ల వైపే. దించేముందు ఒకటి చూసుకోవాలి. పైన వాల్వుల మీద మూతలా ఉండే టాపెట్ కవర్ వెనక మూల నుంచి కారిన ఆయిల్ కూడా ఇంజన్ వెన్ను వెంట దిగి గేర్‌బాక్సు కలిసేచోటే చుక్క కడుతుంది. పైన చిన్న ప్యాకింగ్‌తో పోయేదానికి గేర్‌బాక్సు దించిన సందర్భాలు లేకపోలేదు.

బాబాయి బండికి విరిగిన బోల్టులు రెండూ లేత్‌లో తీయించి, త్రెడ్డు వేయించి, చాంబర్ కట్టారు. రెన్యువల్ కూడా అయింది. ఇప్పుడు పొద్దున లేచి చూస్తే కింద పరిచిన పాత పేపరు మీద మూడు చుక్కలు, గేర్‌బాక్సు కలిసేచోట. టాపెట్ కవర్ పొడిగానే ఉంది. క్లచ్ ప్లేటు ఇంకో ఏడాది వస్తుందంటున్నారు. అది మార్చడానికి గేర్‌బాక్సు దించినప్పుడే వేయించాలని వెనక సీలు ముందే కొని డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకున్నారు.